ముందుగా దరఖాస్తు చేసుకోని ప్రమాదం

ఆకస్మిక తనిఖీకి వస్తున్నామని పదిహేను రోజుల ముందుగా ఉత్తరం రాయడం మా సంస్థలో ఆచారం. తనిఖీ తేదీ, రైలు పేరు, స్టేషనుకు పంపవలసిన కారు, భోజనంలో ఉల్లి ముట్టని అధికారుల సంఖ్య ఆ ఉత్తరంలో స్పష్టంగా పేర్కొనేవాళ్ళం. దానికి సమాధానంగా అణు విద్యుత్ కేంద్రం వారు "మీ ఆకస్మిక తనిఖీకి సర్వసన్నద్ధంగా ఉన్నామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము" అని రాసేవారు. నా ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగ జీవితంలో ఈ ఉత్తరప్రత్యుత్తరాలలో ఒక్క పొరపాటు కూడా దొర్లలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

నేను అణుభద్రతా పర్యవేక్షణ మహాసంస్థలో తనిఖీ ఇంజనీరుగా పనిచేశాను. యంత్రాలను పరీక్షించి, నివేదిక రాసి, పైకి పంపడం నా విధి. లోపాలున్న కేంద్రాన్ని మూయించే అధికారం నాకు లేదు. మూయించవలసిందని సిఫారసు చేసే అధికారం మాత్రం ఉండేది. ఈ రెండింటి మధ్యనున్న ఖాళీలోనే మా సంస్థ అయిదంతస్తుల భవనం కట్టుకొన్నది.

రేవుపాలెం కేంద్రం సముద్రపు ఒడ్డున ఉంది. ఊళ్ళకు కరెంటు పంపే ఆ కేంద్రానికి తన పంపులు తిప్పుకోవడానికి మాత్రం బయటినుంచి కరెంటు కావాలి. వినడానికి వింతగా ఉన్నా ఏర్పాటు అదే. రియాక్టరును ఆపివేసినంత మాత్రాన దాని వేడి ఆగదు. పొయ్యి ఆర్పిన తరువాత కూడా ఇనుప పెనం చేయి కాలుస్తుంది కదా. ఈ పెనం రోజుల తరబడి కాలుస్తుంది. అందువల్ల దానిమీదికి నీరు నిరంతరం పారుతూ ఉండాలి. బయటి కరెంటు పోయిన పది సెకండ్లలో డీజిల్ యంత్రం లేచి, ఆ నీటి పంపులను తిప్పాలి. లేవకపోతే ఏమవుతుందన్నది మా నివేదికలలో 'అవాంఛనీయ పరిస్థితి' అన్న రెండు మాటలలో ఇమిడి ఉండేది. ఆ రెండు మాటల చుట్టుపక్కల పదకొండు గ్రామాలున్నాయి.

నేను మొదటిసారి రేవుపాలెం వెళ్ళిన రోజున కేంద్రం ముఖద్వారానికి 'ఆకస్మిక తనిఖీ అధికారికి స్వాగతం' అన్న బట్ట కట్టి ఉంది. కింద తేదీ కూడా అచ్చువేయించారు. కేంద్ర సంచాలకులు డాక్టర్ ధనుంజయరావుగారు స్వయంగా ఎదురువచ్చి, "తమరు అనుకోకుండా విచ్చేయడం మా అదృష్టం" అంటూ గంధపు మాల వేశారు.

డీజిల్ యంత్రాలు రెండు. ఒకటో యంత్రం ముందు నిలబడి నేను గడియారం చేతపట్టుకొని సైగ చేశాను. ఫోర్‌మన్ మీట నొక్కాడు. ఎనిమిదో సెకండులో యంత్రం గర్జించింది. అందరూ చప్పట్లు కొట్టారు. యంత్రం పరీక్ష నెగ్గినప్పుడు చప్పట్లు కొట్టడం నాకు కొత్తగా తోచి, వాటిని ఆపించి, ఎందుకో యంత్రపు నూనెగొట్టం మీద చేయి వేశాను. వెంటనే తీసేశాను. అప్పుడే లేచిన యంత్రం అంత వేడెక్కదు.

సంచాలకులవారు ఫలహారాల ఏర్పాటు చూడడానికి వెళ్ళిన సమయంలో ఆ ఫోర్‌మన్‌ను పక్కకు పిలిచాను. పేరు పోలినాయుడు. ఇరవయ్యారేళ్ళుగా ఆ షెడ్డులోనే ఉన్నవాడు.

"ఈ యంత్రం ఇంతకుముందు నడిచిందా?"

"నడిసింది బాబూ. తెల్లారగట్ల నుండి నడిపి, ఏడెక్కించి, తమరి కారు గేటు కాడికి రాగానే ఆపీసినాం."

"ఎందుకు?"

"సల్లగుంటే లెగదు. లోపల గాలి తోసే వాలువు బిగిసిపోతాది. ఏడి తగిల్తే జారుద్ది. వాలువు మార్చమని రెండేళ్ళ నుండి రాస్తన్నాను. ఇండెంటు పెట్టినపుడల్లా, మొన్న టెస్టులో పాసైంది కదా, మరి కొత్తదెందుకూ అని తిప్పి పంపీస్తన్నారు."

"టెస్టులో ఎందుకు పాసైంది?"

"ఏడెక్కించినాం గదా, అందుకు."

"అయితే నిజంగా కరెంటు పోయిననాడు?"

"అదే నానూ అడుగుతన్నాను. తమరైతే పదిహేను రోజుల ముందు ఉత్తరం రాసి ఒస్తారు. కరెంటు అలగ రాసి పోద్దేటి బాబూ?"

ఈ ప్రశ్ననే నేను సంచాలకులవారి ముందు కొంచెం శుద్ధమైన భాషలో ఉంచాను. వారు నొచ్చుకొన్నారు. "అతిథి వచ్చే ముందు ఇల్లు తుడుచుకోమా? పరీక్షకు వెళ్ళే విద్యార్థి చదువుకోడా? యంత్రానికి మాత్రం ఆ సన్నాహక్రియ నిషిద్ధమా? సన్నాహమే కదా భద్రతకు పునాది!" అన్నారు.

తిరుగు ప్రయాణం మానుకొని నేను అతిథిగృహంలోనే ఉండిపోయాను. మరునాటికి యంత్రం పూర్తిగా చల్లారింది. ఎవరికీ చెప్పకుండా షెడ్డుకు వెళ్ళి మీట నొక్కమన్నాను. యంత్రం ఒకసారి దగ్గింది. రెండోసారి నిట్టూర్చింది. మూడోసారి ఆ మర్యాద కూడా పాటించలేదు. రెండో యంత్రమూ అంతే.

నా నివేదికలో నేను రాసిన వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం: "ముందస్తు సమాచారం లేనిదే ఈ యంత్రాలు పనిచేయవు, ఈ లోపాన్ని తక్షణం సవరించవలెను." ఆ వాక్యాన్ని నేను ఎంతో జాగ్రత్తగా నిర్మించాను. దాని దుష్ఫలితాలకు బాధ్యత కూడా నాదే.

నెల తిరక్కుండా మా సభ్య కార్యదర్శి శ్రీ విరూపాక్షశర్మగారు నన్ను పిలిపించారు. వారి బల్లమీద నా నివేదిక ఉంది. నా వాక్యం కింద ఎర్రసిరాతో రెండు గీతలున్నాయి.

"అద్భుతమైన పరిశీలనయ్యా! ముప్పై ఏళ్ళుగా అణుభద్రతలో మనకు అంతుపట్టని మూలకారణాన్ని ఒక్క ముక్కలో పట్టేశావు."

"వాల్వు అండీ."

"వాల్వు కాదయ్యా, సమాచారం! ముందస్తు సమాచారం ఇచ్చినప్పుడు ఈ యంత్రం ఎన్నిసార్లు విఫలమైంది?"

"ఒక్కసారి కూడా కాలేదండీ. కాని…"

"ఇవ్వనప్పుడు?"

"ప్రతిసారీ విఫలమైంది."

"అయితే లోపం యంత్రంలో ఉన్నట్టా, సమాచారంలో ఉన్నట్టా? సవరించవలసిన లోపమేదో నువ్వే రాసి, నువ్వే గ్రహించలేదు. అదే మీ ఇంజనీర్లతో చిక్కు. కింది నుంచి చూస్తారు. విధానపరమైన దృష్టి ఉండదు."

పదకొండో రోజున పదిహేడో నంబరు ఉత్తర్వు వెలువడింది. అందులోని ముఖ్యభాగం ఇది: "ఇకమీదట ఏ ప్రమాదమైనను, విద్యుత్ అంతరాయమైనను, నలుబది ఎనిమిది గంటల ముందుగా నిర్ణీత నమూనాలో దరఖాస్తు చేసుకొని, అనుమతి పొందిన మీదటనే సంభవించవలెను. అనుమతి లేని ప్రమాదములు సంభవించినట్లు పరిగణింపబడవు."

నమూనాకు 'ప్ర-7' అని పేరు పెట్టారు. మూడు ప్రతులు. ప్రమాదం పేరు, సంభవించదలచిన తేదీ, అందుకు కారణం, గతంలో ఎక్కడైనా సంభవించి ఉంటే ఆ వివరాలు, దరఖాస్తుదారుకు ప్రమాదంతో గల సంబంధం. చివర గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ.

ఈ ఉత్తర్వును విద్యుత్ సరఫరా మండలికి పంపాము. వారు దానిని స్వీకరిస్తూ, తమ అంతరాయాలు సాధారణంగా తమకే ముందుగా తెలియవనీ, తెలిసినవాటిని తప్పక తెలియపరుస్తామనీ జవాబు రాశారు. 'పూర్తి సహకారానికి హామీ' అని దానిని దస్త్రంలో చేర్చారు. వాతావరణ శాఖకు, మత్స్యశాఖకు, సముద్రతీర రక్షణ విభాగానికి కూడా ప్రతులు వెళ్ళాయి. సముద్రానికి ఎవరి ద్వారా పంపాలన్న చర్చ రెండు సమావేశాలు నడిచి, ఓడరేవు అధికారి ద్వారా అని తేలింది.

రేవుపాలెంలో ఈ విధానానికి లభించిన ఆదరణ వర్ణనాతీతం. గేటు దగ్గర పెద్ద బోర్డు వెలిసింది: 'అనుమతి లేని ప్రమాదాలు లేకుండా నేటికి … రోజులు.' ఖాళీలో అంకె రోజూ మార్చేవారు. రెండువందల రోజులు నిండినప్పుడు లడ్డూలు పంచారు. ఇతర కేంద్రాలవారు వచ్చి చూసి వెళ్ళి, వారూ బోర్డులు పెట్టుకొన్నారు. వాల్వు కోసం పోలినాయుడు పెట్టిన కొత్త ఇండెంటు మాత్రం, "ముందస్తు సమాచార విధానం అమలులో ఉన్నందున అవసరం లేదు" అన్న రాతతో తిరిగివచ్చింది.

ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. దాని రాకను వాతావరణ శాఖ మూడు రోజుల ముందే ప్రకటించింది. కేంద్రంలో అందరూ ఊపిరి పీల్చుకొన్నారు. పోలినాయుడు రెండు రోజులు నిద్రాహారాలు లేకుండా యంత్రాలను వెచ్చగా ఉంచాడు. కరెంటు పోయింది, యంత్రాలు లేచాయి, పంపులు తిరిగాయి. ఉత్తర్వును అక్షరాలా పాటించిన తొలి ప్రకృతి వైపరీత్యంగా ఆ తుఫానును గుర్తించి, విరూపాక్షశర్మగారు ప్రశంసాపత్రం సిద్ధం చేయించారు. చిరునామా లేనందున అది దస్త్రంలోనే ఉండిపోయింది.

మూడువందల డెబ్బై రెండో రోజున నేను మళ్ళీ రేవుపాలెంలో ఉన్నాను. ఈసారి యంత్రాల తనిఖీకి కాదు. ప్ర-7 రిజిస్టరు తనిఖీకి. రిజిస్టరు ఖాళీగా ఉందని ధ్రువీకరించవలసి ఉంది. ఆకాశం నిర్మలంగా ఉంది. గాలి లేదు. రెండో యంత్రాన్ని భద్రతా వారోత్సవాల కోసం వెండి రంగు వేయడానికి భాగాలుగా విప్పి పరిచారు. ఒకటో యంత్రం చల్లగా, శుభ్రంగా, పూలదండతో ఉంది. నేను షెడ్డులోనే ఒక కుర్చీలో కూర్చొని రిజిస్టరులో పేజీలు లెక్కిస్తున్నాను.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, గూడు కట్టుకోవడానికి ఇనుపతీగ ముక్క ముక్కున కరచుకొన్న ఒక కాకి సబ్‌స్టేషనులో వాలింది. ఇది తరువాత తెలిసిన సంగతి. అప్పుడు మాకు తెలిసిందల్లా, నా తలమీది ఫ్యాను నెమ్మదించి ఆగిపోవడం.

పంపుల హోరు ఒకటి ఆ కేంద్రంలో ఎల్లవేళలా వినిపిస్తూ ఉంటుంది. అది ఉన్నదన్న సంగతి అది ఆగినప్పుడే తెలిసింది.

యంత్రం దానంతటదే లేవాలి. ఒకసారి దగ్గింది. నా గడియారంలో పది సెకండ్లు గడిచాయి. ఇరవై. నిట్టూర్చింది. కంట్రోలు రూము నుంచి టెలిఫోను మోగింది. రిజిస్టరు చూపించడానికి నాతో షెడ్డుకు వచ్చిన సంచాలకులవారు దాన్ని ఎత్తి, "దరఖాస్తేదీ? ఎవరిచ్చారు దరఖాస్తు?" అని అరుస్తున్నారు.

ముప్పై ఒకటి. ముప్పై రెండు.

పోలినాయుడు తన పెట్టె వెనకనుంచి చింతకర్ర సుత్తి ఒకటి తీశాడు. నిచ్చెన మీద రెండు మెట్లెక్కి, యంత్రం పక్కటెముకలో ఒక చోట చెవి ఆన్చి విన్నాడు. ఆపైన ఆ చోట ఒక్క దెబ్బ కొట్టాడు. ఏమీ కాలేదు. "ఓలమ్మ, లెగే!" అంటూ ఇంకొకటి కొట్టాడు.

నలభై ఏడో సెకండులో యంత్రం లేచింది. పూలదండ తెగి నా ఒళ్ళో పడింది. పంపుల హోరు నేలలోంచి మెల్లగా కాళ్ళకు ఎక్కింది. అంతటి శ్రావ్యమైన మోతను నేను ఏ సభలోనూ వినలేదు.

పోలినాయుడు నిచ్చెన దిగి, చేతులు తుడుచుకొంటూ, "కాగితం నేకండా ఒచ్చీసింది బాబూ" అన్నాడు.

విచారణ సంఘానికి విరూపాక్షశర్మగారే అధ్యక్షులు. సమస్య వారి దృష్టిలో చాలా సులభం. రిజిస్టరులో దరఖాస్తు లేదు. అందువల్ల, ఉత్తర్వు ప్రకారం, విద్యుత్ అంతరాయం సంభవించినట్లు పరిగణింపబడదు. అంతరాయం లేనప్పుడు అత్యవసర యంత్రాన్ని నడపడానికి కారణం లేదు. కారణం లేకుండా యంత్రాన్ని నడిపినవాడు, అందులోనూ ప్రభుత్వ యంత్రాన్ని కర్రతో కొట్టి నడిపినవాడు, శిక్షార్హుడు.

పోలినాయుణ్ణి పిలిచారు.

"ఆనాడు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు కరెంటు పోయిందని నువ్వెలా నిర్ధారించుకొన్నావు?" అని శర్మగారు అడిగారు.

"ఫేను ఆగింది గదండీ."

"ఫ్యాను ఆగడం ప్రమాద సూచికల జాబితాలో ఉన్నదా?"

"జాబితా సదవడానికి లైటు కూడా నేదండీ."

"హాస్యం వద్దు. ప్ర-7 మంజూరు కాకుండా యంత్రం ఎందుకు నడిపావు?"

"నడపకపోతే తమరు ఈ ఇచారణ సేయడానికి ఎవులుంటారండీ ఇక్కడ?"

ఆ జవాబును 'ధిక్కార ధోరణి' అని నమోదు చేశారు. పోలినాయుడి పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలుంది. ఉద్యోగం నుంచి తొలగిస్తే ఇరవయ్యేడేళ్ళ సర్వీసుకు పింఛను రాదు. తొలగింపు ఉత్తర్వు టైపు చేయించి ఉంచారు. ప్రత్యక్షసాక్షిగా నేను ఒక వాక్యం కింద సంతకం చేయవలసి ఉంది: "ఆనాడు ఎట్టి అంతరాయము సంభవించలేదు."

"నేను అక్కడే ఉన్నానండీ. ఫ్యాను నా తలమీదే ఆగింది," అన్నాను.

"నువ్వు అక్కడ ఉన్నావు, ఒప్పుకొంటాను. నువ్వున్నచోట అనుమతి లేని ప్రమాదం జరిగిందంటే పరువు ఎవరిదయ్యా పోయేది? ఆలోచించుకో. రేపు పదింటికి సంతకం."

నేను ఆ సాయంకాలం ఉత్తర్వును మళ్ళీ చదివాను. మొత్తం నలభై ఒక్క పేజీలు. దానిని ఆసాంతం చదివిన మొదటి వ్యక్తిని నేనేనని నా నమ్మకం. ముప్పై ఆరో పేజీలో ఒక నిబంధన కనిపించింది: దరఖాస్తు ఆలస్యంగా అందినను స్వీకరింపవచ్చును; అది పరిశీలనలో ఉన్నంతకాలము ఆ ప్రమాదమునకు సంబంధించి ఎవరిపైనను చర్య తీసుకొనరాదు.

మరునాడు పది గంటలకు నేను వారు కోరిన వాక్యం కింద సంతకం చేయలేదు. ప్ర-7 కింద చేశాను. మూడు ప్రతులు. ప్రమాదం పేరు: విద్యుత్ అంతరాయం. సంభవించదలచిన తేదీ: గత మాసం పద్నాలుగు. కారణం: కాకి. దరఖాస్తుదారుకు ప్రమాదంతో గల సంబంధం అన్నచోట కొంత తటపటాయించి, 'శ్రేయోభిలాషి' అని రాశాను.

శర్మగారు ఆ కాగితాన్ని చదివారు. "అంటే, ఈ ప్రమాదాన్ని నువ్వు కోరుకొన్నట్టు అవుతుంది. తెలుసునా?"

"తెలుసునండీ."

"నీ సర్వీసు రికార్డులో ఎక్కుతుంది."

"ఎక్కనివ్వండి."

దరఖాస్తు నమూనాకు లోబడి ఉన్నందున దానిని తిరస్కరించడం వారికి సాధ్యపడలేదు. ఆపైన దానిని పరిశీలనలోనే ఉంచడం నా బాధ్యత అయింది. గెజిటెడ్ అధికారి ముద్ర తిరగేసి వేయించాను. వారు ఆక్షేపణ పంపి, నేను సరిచేసేసరికి రెండు నెలలు పట్టింది. కాకి చిరునామా అడిగారు. సబ్‌స్టేషను చిరునామా ఇచ్చాను. అది తాత్కాలిక చిరునామాయా, శాశ్వతమా అని అడిగారు. గూడు పూర్తి అయిన తరువాత తెలియజేస్తానని రాశాను. ఆ విధంగా పదకొండు నెలలు గడిచాయి. పోలినాయుడు శాలువాతో, పింఛనుతో ఇంటికి వెళ్ళాడు. నన్ను తనిఖీల నుంచి తప్పించి గ్రంథాలయానికి బదిలీ చేశారు. అక్కడినుంచే రిటైరయ్యాను. సంస్థ చరిత్రలో ప్రమాదానికి దరఖాస్తు పెట్టుకొన్న ఏకైక అధికారినని నా వీడ్కోలు సభలో శర్మగారు గంభీరంగా ప్రస్తావించారు.

ఇది జరిగి మూడేళ్ళయింది. కిందటి నెల రిజిస్టర్డ్ టపాలో నాకొక ఉత్తరం వచ్చింది.

"అయ్యా, తమరి దరఖాస్తు సానుభూతితో పరిశీలింపబడినది. గడచిన తేదీకి అనుమతి మంజూరు చేయు అవకాశము నిబంధనలలో లేనందున, రేవుపాలెం కేంద్రమున తమరు కోరిన ప్రమాదము ఈ ఉత్తరము తేదీ నుండి తొంబది దినములలోగా, పనిదినములందు, సంభవించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది."

వెంటనే నా దరఖాస్తును ఉపసంహరించుకొంటున్నానని తెలియజేశాను. మంజూరైన ప్రమాదాన్ని ఉపసంహరించే అధికారం దరఖాస్తుదారుకు లేదని జవాబు వచ్చింది. పత్రికలవారికి ఈ విషయం రాయడానికి కారణం అదే; రాయడానికి ఇక వేరే చోటు మిగలలేదు.

నిన్న పోలినాయుడికి ఫోను చేశాను. అతని అల్లుడు ఇప్పుడు అదే షెడ్డులో ఫోర్‌మన్.

"వాల్వు మార్చారా నాయుడూ?"

"నేదు బాబూ. ఇండెంటు తిరిగొచ్చీసిందట."

"పోనీ, ఆ చింతకర్ర సుత్తి? అల్లుడికి ఇచ్చావా?"

"ఇచ్చినాను. ఏటి లాభం? మొన్న భద్రతా వారోత్సవాల్లో సూసీసి, చారిత్రక వస్తువని మ్యూజియంలో పెట్టీసినారంట. అద్దాల బీరువాలో. తాళం డైరెక్టరుగారి కాడుంటాదట."

"తాళం ఎప్పుడు ఇస్తారట?"

"దరఖాస్తు పెట్టుకోమన్నారట బాబూ. నలబై ఎనిమిది గంటల ముందు."

తొంభై రోజులలో నేటికి ముప్పై రెండు గడిచాయి.